మోటారు సైకిలు వెనుక చిన్న ట్రైలరు

గుడ్లవల్లేరు, అంగలూరు, కౌతవరము, డోకిపర్రు ప్రాంతముల రైతు సోదరులు ఇటీవల మమ్ము తఱచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. ఇంట మోటారు సైకిలు ఎట్లును ఉన్నది. దాని వెనుక చిన్న ట్రైలరొకటి తగిలించుకొన్నచో పాల క్యానులు, పచ్చిగడ్డి మోపులు, నాలుగు యూరియా బస్తాలు మనమే తోలుకొనవచ్చును గదా, ప్రతి చిన్న పనికిని ఆటో కిరాయి ఏల పెట్టవలెను అని వారి ప్రశ్న. ప్రశ్న సహేతుకమైనదే. ఆ బండిని కొందఱు ట్రాలీ యనియు, కొందఱు తొట్టి యనియు పిలుచుచున్నారు. పేరు ఏదైనను, దానిని చేయించుటకు డబ్బు వెచ్చింపక ముందు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని యున్నవి. అవి తెలిసిన పిదప చేయించుకొనువారు చేయించుకొందురు, మానువారు మానుకొందురు.

ఈ అవసరము ఎట్లు వచ్చినదో మన కందఱకును తెలిసినదే. ఒకప్పుడు మూడెకరముల రైతు ఇంట సైతము ఎడ్లజతయు, బండియు ఉండెడివి. నేడు దుక్కియు దమ్మును ట్రాక్టరు చేయుచున్నది. కోత యంత్రము చేయుచున్నది. ఎడ్లు కొట్టము విడిచిపోయినవి. పెద్ద బరువునకు ట్రాక్టరు ట్రక్కు ఉన్నది. తలమీద మోయదగిన బరువునకు మనిషి యున్నాడు. ఈ రెంటికిని నడుమ నున్న బరువు, అనగా 50 కిలోలు మొదలు 200 కిలోల వఱకు గలది, దిక్కులేనిదైనది. అదియే నిత్యము వచ్చునది. పాలు రెండు పూటలును కేంద్రమునకు చేరవలెను. మాగాణిలో కోసిన పిల్లిపెసర, జనుము మోపులు ఇల్లు చేరవలెను. సార్వా నాట్ల దినములలో నారుకట్టలు ఒక చేనినుండి మఱియొక చేనికి పోవలెను. బంటుమిల్లి, ముదినేపల్లి వైపున చేపల మేత, దివిసీమలో రొయ్యల చెఱువులకు మంచు పెట్టెలు, ఇట్లు ఎవరి బరువు వారికున్నది. ట్రైలరు ఆలోచన ఇందుండి పుట్టినది గాని సరదాకొఱకు పుట్టినది కాదు.

అయితే ఈ బండి మొదటి దినముననే మనలను మోసపుచ్చును. ఏలయన, లాగుట మిక్కిలి సులభము. గాలి పోసిన రబ్బరు చక్రముల బండిని సమతలమైన తారు రోడ్డుమీద కదలించుటకు దాని బరువులో నూటికి సుమారు 2 పాళ్ల లాగుడు చాలును. అనగా 200 కిలోల ట్రైలరునకు 4 కిలోల లాగుడు. బడికిపోవు పిల్లవాడు చేతితో లాగగలడు. మెత్తని చేలగట్టు మీద ఇది అయిదాఱింత లగును. దిగబడు బురదలో ఇంకను పెరుగును. మన యిండ్లలోని 100 సి.సి. మోటారు సైకిలు ఇంజను సుమారు 8 గుఱ్ఱముల శక్తి గలది కనుక, తారు రోడ్డుపై 200 కిలోలు తగిలించి పోనిచ్చినవాడు, ‘‘ఇంకొక వంద వేసినను లాగును’’ అనుకొనును. లాగుననుటలో సందేహము లేదు. లాగినదానిని నిలుపవలసి వచ్చినప్పుడు తెలియును.

లెక్క వేసి చూతము. మోటారు సైకిలు 110 కిలోలు, తోలువాడు 65 కిలోలు, మొత్తము 175. వట్టి ట్రైలరు 40 కిలోలనుకొందము. 40 లీటర్ల పాల క్యాను నిండుగా నున్నచో క్యాను బరువుతో సహా సుమారు 50 కిలోలు తూగును. అట్టివి మూడు వేసినచో ట్రైలరు 190 కిలోలైనది. ఆపవలసిన బరువు రెండింతలు మించినది. ట్రైలరునకు బ్రేకులు లేవు; ఉన్నవి మోటారు సైకిలు బ్రేకులే, అవియును ఆ సైకిలును దానిపై ఇద్దఱు మనుష్యులను ఆపుటకు అమర్చినవి. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పొడిరోడ్డుమీద వట్టి సైకిలు బ్రేకు పట్టిన పిదప 12 మీటర్లలో నిలుచు ననుకొన్నచో, అదే బ్రేకుతో ఈ ట్రైలరును లాగుచు నిలుచుటకు 25 మీటర్లు పట్టును. సందులోనుండి దూడ యడ్డము వచ్చినప్పుడు ఆ 13 మీటర్ల భేదమే దూడ బ్రతుకుటకును చచ్చుటకును కారణము. దూడ స్థానమున పిల్లవాడైనను అంతియే. వేగము సగమునకు తగ్గించినచో ఈ దూరము నాలుగవ వంతునకు తగ్గును. 20 కిలోమీటర్ల వేగమున ఈ బండితోనే 6 మీటర్లలో నిలువవచ్చును. కావున ట్రైలరు తగిలించిన దినమున వేగము 20, 25 దాటనీయరాదు. ఎడ్లబండి తోలినట్లు తోలవలెను గాని మోటారు సైకిలు తోలినట్లు కాదు.

వంపులో బ్రేకు పట్టుట ఇంకను చెడ్డది. ఎడ్లు బండిని వెనుకకు నిగ్గబట్టి నిలుపును; మోటారు సైకిలునకు ఆ నేర్పు లేదు. సైకిలు వేగము తగ్గగనే వెనుకనున్న బరువు దానిని ముందునకు నెట్టును. తిన్నని దారిలో నెట్టినచో సైకిలు ముందునకు పోవును. వంపులో నెట్టినచో వెనుక చక్రము ప్రక్కకు జాఱి, సైకిలును ట్రైలరును కత్తి ముడిచినట్లు ముడుచుకొనును. తడిసిన రోడ్డుపై ఇది కన్ను మూసి తెఱచునంతలో జరుగును. బ్రేకు పని వంపునకు ముందే ముగించి, తక్కువ గేరులో వంపు తిరుగవలెను. కాలువగట్టు దిగునప్పుడును ఇంతే. క్లచ్చి పట్టి జాఱవిడుచుట తగదు.

మఱి ఎంత బరువు తగును? బ్రిటను దేశమున మోటారు సైకిలు వెనుక ట్రైలరునకు చట్టము స్పష్టముగా హద్దులు పెట్టినది. 125 సి.సి. మించని సైకిలు ట్రైలరును లాగనే కూడదు. మించినదైనను, సరకుతో సహా ట్రైలరు బరువు సైకిలు బరువులో మూడింట రెండు వంతులను గాని, 150 కిలోలను గాని, ఈ రెంటిలో ఏది తక్కువయో దానిని దాటరాదు. వెడల్పు ఒక మీటరు మించరాదు. సైకిలు వెనుక ఇరుసునుండి ట్రైలరు తోకవఱకు రెండున్నర మీటర్లు మించరాదు. ఇది మన చట్టము కాదు గాని, బరువు స్వభావము అక్కడ నొకటి, ఇక్కడ నొకటి కాదు. ఈ కొలతను మన 110 కిలోల సైకిలునకు పట్టించి చూచినచో వచ్చునది 73 కిలోలు. అందులో ట్రైలరు బరువే 40. మిగిలిన 33 కిలోలలో ఒక్క పాల క్యాను సైతము పట్టదు! 45 కిలోల యూరియా బస్తా ఒకటియు పట్టదు. నాలుగు బస్తాల మాట యెత్తనే వలదు. 75 కిలోల ధాన్యపు బస్తాలను మూడేసి, నాలుగేసి వేసికొని పోవు ట్రైలరులను మేము చూచియున్నాము. అవి నడుచుచున్నవి కనుక క్షేమమనుకొనుట, కాలువలో లోతు చూడక దిగినవాడు ఇంకను మునుగలేదు కనుక లోతు లేదనుకొనుటవంటిది.

ఇందుండి ఒక సంగతి తేలుచున్నది. ట్రైలరునకు తగిన సరకు బరువు గలది కాదు. చోటు ఎక్కువగా ఆక్రమించి బరువు తక్కువగా నుండునది. ఎండుగడ్డి, చిన్న నారుకట్టలు, ఖాళీ గోతములు, ఖాళీ క్యానులు, కూరగాయల బుట్టలు, ఇట్టివి సైకిలు సీటుపై నిలువక ఇబ్బంది పెట్టును గాని ట్రైలరులో సుఖముగా పోవును. పాలు, ఎరువు, ధాన్యము దీని సరకు కాదు. చేయించుకొనగోరువారు ముందుగా తమ యింటి సరకు ఏ జాతిదో చూచుకొనవలెను.

ఇక తగిలించు కీలు సంగతి. మా యనుభవమే చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట గడ్డి కొఱకు మేమును ఒక ట్రైలరు చేయించితిమి. కొక్కెమును సైకిలు సీటు వెనుకనున్న పట్టుకమ్మికి అతికించి యిచ్చిరి. కమ్మి లావుగా నున్నది, అతుకు నున్నగా నున్నది, మేమును తృప్తిపడితిమి. పదునైదు దినములు గడ్డి మోసినది. ఆ ధైర్యముతో ఒకనాటి ప్రొద్దున రెండు పాల క్యానులు వేసికొని బయలుదేరితిమి. కాలువ వంతెన ఎక్కునప్పుడు ముందు చక్రము తేలికపడి, చేతిపిడి ఎటు త్రిప్పినను నీటిలో త్రిప్పినట్లు తోచెను. దిగునప్పుడు ట్రైలరు చక్రమొకటి గుంటలో పడెను. ట్రైలరు ఒక ప్రక్కకు ఒరిగెను. దానితో సైకిలును ఒరిగించబోయెను. కమ్మి అతుకువద్ద ఫెళ్లున విఱిగెను. అడ్డుగొలుసు కట్టియుండలేదు. ట్రైలరు గట్టు దిగి కాలువలో పడెను. పాలు కాలువ పాలైనవి. ఎదురుగా బడిపిల్లలు సైకిళ్లపై వచ్చుచుండిరి. పది గజముల దూరమున నిలిచి చూచిరి. పాలు పోయిన సంగతి మఱచితిమి గాని ఆ పది గజములు ఇప్పటికిని మఱవలేదు.

తప్పు ఎక్కడ జరిగినదో తరువాత గ్రహించితిమి. పట్టుకమ్మి చేతితో పట్టుకొనుటకు పెట్టినది, బరువు లాగుటకు కాదు. అది ఎత్తున నుండుటచే ట్రైలరు వెనుకకు లాగినకొలది సైకిలు ముందు చక్రము తేలికపడును. గట్టు ఎక్కుడు 10 అడుగులకు ఒక అడుగు వాలుగా నున్నచో 190 కిలోల ట్రైలరు 19 కిలోల బలముతో వెనుకకు లాగును. ఆ లాగుడు సీటు ఎత్తున తగిలినప్పుడు మీట వేసి ఎత్తినట్లే. కొక్కెము వెనుక చక్రపు ఇరుసు ఎత్తున, సైకిలు అసలు ఫ్రేమునుండి రెండు ప్రక్కలను దిగిన గట్టి చట్రమునకు బోల్టులతో బిగింపబడవలెను.

అంతకంటె ముఖ్యమైనది కీలు తిరుగుడు. ట్రాక్టరునకును ట్రక్కునకును నడుమనున్న కొక్కెమును చూచి దానినే చిన్నదిగా చేయించువారు కలరు. ట్రాక్టరు ఎన్నడును ప్రక్కకు వాలదు. మోటారు సైకిలు ప్రతి వంపులోను వాలును; వాలకున్న తిరుగదు. ట్రైలరు రెండు చక్రములమీద సమముగా నిలిచియుండును. కావున ఈ కీలు మూడు విధములుగా తిరుగవలెను. కుడియెడమలకు తిరుగవలెను, గట్టు ఎక్కి దిగునప్పుడు పైకిని క్రిందకును ఊగవలెను, సైకిలు వాలినప్పుడు తనచుట్టు తాను మెలి తిరుగవలెను. ఈ మూడవది లేనిచో ట్రైలరు సైకిలును వాలనీయదు, లేదా గుంటలో తాను ఒరిగి సైకిలును పడవేయును. మన పాత బండిలో నొగను కాడికి తాడుతో కట్టుటచే ఈ మూడు తిరుగుళ్లును వానియంతట అవియే అమరియుండెడివి. ఎవరును దానిని గూర్చి ఆలోచింపవలసిన పని లేకపోయెను.

కీలు ఎంత మంచిదైనను దానికి తోడుగా రెండు గొలుసులు ఉండవలెను. వానిని నొగ క్రింద కత్తెరగా దాటించి కట్టినచో, కీలు ఊడినను నొగ నేల తాకక గొలుసులపై నిలుచును. పిన్ను ఊడిపోకుండ దానికి చిన్న శీల ఉండవలెను. బయలుదేరు ప్రతి మాటును వీనిని చేతితో తాకి చూడవలెను.

సరకు సర్దుట మన పెద్దలకు వెన్నతో పెట్టిన విద్య. బండి ముందునకు మొగ్గినచో ఎద్దు మెడ దిగును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచి పలుపు గొంతు నొక్కును. ఎద్దు నిలిచిపోవును, లేదా తల విదల్చును; బండివాడు దిగి రెండు బస్తాలు ముందునకు జరుపును. మోటారు సైకిలు తల విదల్పదు. అది చెప్పదు కనుక మనమే కొలిచి చూచుకొనవలెను. ట్రైలరు మొత్తపు బరువులో పదవ వంతు కొక్కెముపై నుండుట మంచిది. లెక్క సులభము. ఇరుసునుండి కొక్కెమునకు 60 అంగుళములున్నవనుకొందము. 60 కిలోల సరకును ఇరుసునకు 6 అంగుళములు ముందుగా పెట్టినచో కొక్కెముపై 6 కిలోలు పడును. అదే సరకును ఇరుసునకు 6 అంగుళములు వెనుకగా పెట్టినచో కొక్కెము 6 కిలోల బలముతో పైకి లేచును. సైకిలు వెనుక చక్రము అంత పట్టు కోల్పోవును, ట్రైలరు తోక కుడియెడమలకు ఆడ నారంభించును. తోక ఆడునప్పుడు వేగము పెంచువాడు మూర్ఖుడు; గట్టిగా బ్రేకు పట్టువాడును పడును. మెల్లగా పెట్రోలు పిడి వదలి దానియంతట దానిని నెమ్మదింపనీయవలెను. సంఘపు గోదాములో కాటా ఉన్నచోట, సరకు వేసిన పిదప నొగ కొనను కాటాపై ఆనించి తూచుకొన్నచో ఊహతో పనిలేదు.

మందు చల్లుటకు నీళ్ల డ్రమ్మును ట్రైలరుపై వేసికొనవచ్చునా యని ఒకరు అడిగిరి. నిండిన 200 లీటర్ల డ్రమ్ము నీటి బరువే 200 కిలోలు. అది కాని పని. సగము నింపెద మందురేమో, అది ఇంకను చెడ్డది. సగము డ్రమ్ములో నీరు బ్రేకు పట్టినప్పుడు ముందునకును, కదలినప్పుడు వెనుకకును పొరలును. కాటాపై తూచిన మొగ్గు రోడ్డుమీద నిలువదు.

మన గట్ల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. నల్లరేగడి ఎండినప్పుడు రాయి, తడిసినప్పుడు వెన్న. సైకిలు ఒంటిజాడలో పోవును. ట్రైలరు చక్రములు రెండు ప్రక్కలను అంచులమీద పోవును, వంపులో లోపలి ప్రక్కకు కోసికొని వచ్చును. సైకిలు తప్పించిన గుంటను ట్రైలరు తప్పింపదు. మోటారు సైకిలునకు వెనుకకు నడుచు గేరు లేదు. ఎదురుగా ట్రాక్టరు వచ్చినచో కీలు ఊడదీసి చేతులతో త్రిప్పుకొనుటయే గతి. సార్వాలో కాలువలు నిండియున్నప్పుడు సన్నని గట్లపై ట్రైలరు తీసికొనిపోవలదని మా గట్టి సలహా. ఇంజనునకు కలుగు నష్టము కూడ కొంత కలదు. క్లచ్చి, గొలుసు త్వరగా అరుగును. తక్కువ గేరులో చాల దూరము పోయినచో గాలితో చల్లబడు ఇంజను వేడెక్కును.

నాట్ల దినములలో కూలి స్త్రీలను, సెలవు దినములలో పిల్లలను ట్రైలరుపై ఎక్కించుకొని పోవుట ఒక వేడుకగా కనబడుచున్నది. ఇది ఎంత మాత్రమును తగదు. ఈ ట్రైలరు సరకునకే గాని మనుష్యునకు కాదు.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రైలరు అనునది సైకిలునకు తగిలించు సామాను కాదు. అదియే ఒక మోటారు వాహనము. దానికి వేఱుగా రిజిస్ట్రేషను కావలెను, నంబరు వ్రాయవలెను. లాగు వాహనపు నంబరు సైతము ట్రైలరుపై కనబడవలెను. వెల్డింగు షాపులో కట్టించి నేరుగా రోడ్డెక్కించిన ట్రైలరునకు ఇవి యేవియు ఉండవు. ఉత్తరాదిని నీటిపంపు ఇంజనుతో ఇండ్లవద్ద కట్టుకొను జుగాడ్ బండ్ల విషయమున, అవియును మోటారు వాహనములే, చట్టమునకు లోబడవలసినవే యని 2013లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. మాకు రోడ్డుతో పని లేదు, గట్టుమీదనే తిరుగుదుమని కొందఱందురు. జనులకు నడచు హక్కు గల దారి ఏదైనను చట్టము దృష్టిలో బహిరంగ స్థలమే; గట్టు మట్టిదైనంత మాత్రమున తప్పదు.

దీనిని జరిమానా సంగతిగా తలచి తేలికగా తీసికొనరాదు. అసలు భయము భీమా విషయమున నున్నది. సైకిలు భీమా సైకిలునకే. రిజిస్ట్రేషను లేని ట్రైలరు తగిలి ఒకరు గాయపడినను, మరణించినను, కంపెనీ బాధ్యత కాదనుటకు అవకాశము కలుగును. అప్పుడు నష్టపరిహారము రైతు మెడకు చుట్టుకొనును. ఆటో కిరాయి మిగిల్చుకొనుటకు బయలుదేరినవాడు ఎకరము చేను అమ్ముకొనవలసి రావచ్చును. కావున ట్రైలరునకు బయానా ఇచ్చుటకు ముందే రవాణా శాఖ కార్యాలయమునకు పోయి, ఈ మాదిరి ట్రైలరును ఈ సైకిలు వెనుక రిజిస్టరు చేయుదురా యని అడిగి తెలిసికొనవలెను. చేయమన్నచో ఆ ఆలోచన అక్కడితో విడుచుటయే మంచిది. అమ్మువాడు ‘‘అందఱును తిప్పుచున్నారు’’ అన్నంత మాత్రమున అది అనుమతి కాదు. సైకిలు ఫ్రేమునకు మార్పులు చేయుట విషయమున చట్టమున వేఱుగా నిబంధన కలదు గనుక దానినిగూర్చియు అప్పుడే అడుగవలెను.

పాలు, ఎరువు మొదలగు బరువు సరకులకు మా కుచితముగా తోచిన మార్గము వేఱు. ఒకే బాటలో నున్న ఎనమండుగురో పదిమందియో రైతులు కలిసి, రెండు పూటలకును ఒక సరకుల ఆటోను నెలవారీగా మాట్లాడుకొన్నచో క్యానుకు పడు కిరాయి ఒంటరిగా పిలిచినప్పటికంటె తగ్గును. అది నాలుగు బస్తాలకు బెదరదు, దానికి తనవైన బ్రేకులున్నవి, భీమా యున్నది. ఇందుకు కావలసినది ఒక పుస్తకము, లెక్క వ్రాయు ఒక మనిషి. తమ బాటలోని వారి పేర్లను, పూటకు ఎన్ని క్యానులో, ఏ వేళకు కేంద్రము చేరవలెనో వ్రాసి సంఘ కార్యాలయమునకు తెచ్చినచో బేరము మాట్లాడుటలో మేము తోడ్పడగలము.

గడ్డికిని నారుకును అనుమతి గల ట్రైలరునే తెచ్చుకొనువారికి ఒక చివరి మాట. గడ్డిమోపు వెనుక సైకిలు ఎఱ్ఱదీపము పూర్తిగా మఱుగగును. సంధ్యవేళ గుడివాడ బందరు రోడ్డుమీద గాని, పెడన దాటి జాతీయ రహదారిపై గాని, వెనుకనుండి వచ్చు లారీకి కనబడునది చీకటిలో కదలు గడ్డివామి మాత్రమే. ట్రైలరు తోకకు రెండు ప్రక్కలను ఎఱ్ఱదీపములు సైకిలు తీగెలతో కలిపి అమర్పవలెను. వెలుగు పడగనే మెఱయు ఎఱ్ఱ అంటుపట్టీలు కూడ అంటింపవలెను. గడ్డి వ్రేలాడి వానిని కప్పకుండ మోపును కత్తిరించి కట్టవలెను.